గొట్టం దారిన రాగి జావ

‘ముక్కులో పైపు వేశారంట’ అన్న కబురు అందితే చాలు, మన చిత్తూరు పల్లెల్లో చుట్టాలు పనులు మానుకొని బస్సెక్కేస్తారు. ఆఖరి చూపు దక్కించుకోవాలని. వాళ్లనేం అనలేం. ఇంతకుముందు వాళ్లు ఆ పైపును చూసింది పక్షవాతంతో మంచాన పడ్డ తాత ముక్కులోనో, ఐసీయూ అద్దం వెనకాలో. గొంతు క్యాన్సర్‌కు వైద్యం చేయించుకుంటున్న మనిషికి వేసే పైపు సంగతి వేరు. వైద్యం వారాల తరబడి ఆగకుండా సాగాలి. సాగాలంటే ఒంట్లో బలం ఉండాలి. సరిగ్గా ఆ వారాల్లోనే గొంతు మింగనివ్వదు. అందుకని పొట్టకు వేరే దారి వేస్తారు, అంతే. ఈ మాట ముందుగా అర్థం కావాల్సింది ఆయన భార్యకు. ఆమెకు అర్థమైతే ఇంటికొచ్చి ఏడ్చే చుట్టాలకు ఆమే సమాధానం చెప్పుకోగలదు.

కాణిపాకం చుట్టుపక్కల వాళ్లు ఈ జబ్బుకు ఎక్కువగా పట్టేది రెండు దారులు. ఒకటి తిరుపతి. అక్కడ స్విమ్స్ ఉంది, టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టి 2022లో తెరిచిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రీ ఉంది. రెండోది చిత్తూరు మీదుగా వేలూరు. ఐడా స్కడ్డర్ 1900లో మొదలుపెట్టిన సీఎంసీకి రాష్ట్రం సరిహద్దు దాటి వెళ్లే తెలుగువాళ్లకు లెక్కే లేదు. ఏ దారి పట్టినా రేడియేషన్ అంటే, మనవాళ్ల మాటలో ‘కరెంటు పెట్టడం’ అంటే, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్లాలి. గొంతు క్యాన్సర్‌కు మామూలుగా 33 నుంచి 35 రోజుల కరెంటు, మొత్తం 66 నుంచి 70 గ్రేలు (కరెంటు మోతాదును కొలిచేది గ్రేలలో). శని, ఆదివారాలు కలుపుకుంటే ఏడు వారాలు. మొదటి రెండు వారాలు ఇంటి నుంచి బస్సులో తిరగొచ్చేమోగానీ ఆ తర్వాత తిరగడం మనిషిని పీల్చేస్తుంది. ఆసుపత్రి దగ్గర వంట చేసుకోవడానికి వీలున్న గది ముందే చూసుకోవడం మంచిది. పైపు వేసిన మనిషికి వంటగది మందుల షాపంత ముఖ్యం. ఖర్చు విషయం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పట్టుకొని ఆసుపత్రిలో ఆ పథకం సంగతి చూసే ఉద్యోగిని అడగండి, అదీ వైద్యం మొదలు కాకముందే.

కరెంటు ఒక్క క్యాన్సర్ కణాలనే కాల్చి వదిలిపెట్టదు. నోటి లోపలి పొర, గొంతు లోపలి పొర రోజూ రాలిపోతూ రోజూ కొత్తగా పుట్టేవి. ఆ పుట్టుకను కూడా కరెంటు ఆపేస్తుంది. అందుకే మొదటి వారం ఏమీ అనిపించదు. ‘ఇంతేనా’ అనుకుంటారు. రెండో వారం చివరికి గొంతు గీరుకుపోతుంది. మూడో వారానికి పుండ్లు, తెల్లటి పొరలు, తీగలు సాగే కఫం. నాలుక మీద రుచి పోతుంది, లాలాజలం ఇంకిపోతుంది. కరెంటుతో పాటు సిస్‌ప్లాటిన్ కీమో కూడా ఇస్తుంటే వాంతులు తోడవుతాయి. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: చివరి కరెంటు అయిపోయిన రోజున బాధ తగ్గదు. ఆ తర్వాత ఒకటి రెండు వారాలే అన్నిటికంటే గడ్డు రోజులు. ఇంటికి పంపేశారు కాబట్టి బాగైపోయిందనుకొని పైపులో పోసేది తగ్గించే ఇళ్లు దెబ్బతినేది అక్కడే.

పైపులు రెండు రకాలు. ముక్కులోంచి గొంతు మీదుగా పొట్టలోకి దిగేది రైల్స్ ట్యూబు. జాన్ రైల్ అనే ఇంగ్లండు డాక్టరు నూరేళ్ల కిందట తయారుచేసినది, ఆయన పేరే దానికి మిగిలిపోయింది. వేయడం ఐదు నిమిషాల పని, ఖర్చు తక్కువ. కాకపోతే అందరికీ కనపడుతుంది, ముక్కు దగ్గర ఒరుసుకుంటుంది, మామూలు ప్లాస్టిక్‌దైతే కొన్ని వారాలకోసారి మార్చాలి. రెండోది పొట్ట మీద చిన్న రంధ్రం చేసి నేరుగా లోపలికి పెట్టే పెగ్ ట్యూబు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1979లో గాడరర్, పాన్స్కీ అనే ఇద్దరు డాక్టర్లు ఒక పసిబిడ్డకు దీన్ని మొదట వేశారు. చొక్కా కింద కనపడదు, నెలల తరబడి ఉంటుంది. అలాగని పెగ్గే మేలని చెప్పలేం. సుఖంగా ఉంటుంది కాబట్టి నోటితో తినడం మానేసి దానికే అలవాటు పడిపోయేవాళ్లు ఉన్నారు. ముక్కు పైపు ఇబ్బంది పెడుతుంది కాబట్టే దాన్ని త్వరగా వదిలించుకుంటారు. ఏది వేయాలన్నది డాక్టరు మీ ఆయన గొంతు చూసి చెప్పాల్సిన మాట. నాలుగు వారాలకు మించి అవసరం పడుతుందనుకుంటే పెగ్ వైపు మొగ్గుతారు.

ఇక లెక్క. ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. 55 కిలోల మనిషికి ఈ వైద్యంలో రోజుకు కిలోకు 30 కేలరీల చొప్పున సుమారు 1,650 కేలరీలు, 65 నుంచి 80 గ్రాముల ప్రొటీను పడాలి. మన ఇళ్లలో పైపు అనగానే గుర్తొచ్చేది గంజి, లేదంటే నీళ్లలో కాచిన రాగి జావ. 250 మిల్లీలీటర్ల జావలో పడే పిండి 20 గ్రాములు, అంటే 65 కేలరీలు. రోజుకు ఏడుసార్లు పోసినా 500 దాటదు. పొట్ట నిండుతుంది, ఆయనా ‘చాలు’ అని చెయ్యి ఊపుతారు, భార్య తృప్తి పడుతుంది. మనిషి మాత్రం పస్తున్నట్టే లెక్క. ‘ఓ గ్లూకోజు సీసా ఎక్కించండి సార్’ అని బతిమాలే వాళ్లు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి. అరలీటరు ఐదు శాతం గ్లూకోజు సీసాలో ఉన్న చక్కెర 25 గ్రాములు, దాదాపు 85 కేలరీలు. ఒక గ్లాసు ఆవుపాలలో అంతకంటే ఎక్కువ ఉంటాయి.

అదే జావను పాలతో కాస్తే కథ మారుతుంది. 200 మిల్లీలీటర్ల పాలు, 20 గ్రాముల రాగిపిండి, రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా నూనె కలిస్తే 280 కేలరీల దాకా వస్తాయి, ఎనిమిది గ్రాముల ప్రొటీను. ఆరేడు సార్లకు రోజు గడుస్తుంది. రెండు ఉడికించిన గుడ్లు మిక్సీలో మెత్తగా తిప్పి పాలలో కలిపితే ఇంకో 12 గ్రాముల ప్రొటీను. పచ్చిగుడ్డు పనికిరాదు, కీమోలో ఉన్నవాళ్లకు దాంట్లోని క్రిములు తట్టుకునే శక్తి ఉండదు. చెనక్కాయలు నానబెట్టి రుబ్బి, పాలు తీసి కాచి పోయొచ్చు, అయితే పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. షుగరు ఉన్నవాళ్లకు చక్కెర, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లకు ప్రొటీను ఎంతన్నది ఆసుపత్రి డైటీషియన్ తేల్చాలి. వారానికి మించి సరిగా ఏమీ తినకుండా ఉన్న మనిషికి మొదటిరోజే నిండుగా పోయకూడదు. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాళ్లకు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచుతారు.

రాగి జావ చిక్కబడితే గొట్టంలో దిగదు. పల్చన చేద్దామని నీళ్లు పోస్తే బలం పోతుంది. దీనికి మన అవ్వలు బిడ్డలకు చేసే మొలకల పిండిలోనే విరుగుడుంది. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తే, మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టిన ఎంజైము పిండి పదార్థాన్ని ముక్కలు చేస్తుంది. అందుకే ఆ పిండి ఎక్కువ వేసినా జావ పల్చగానే ఉంటుంది. కాచే పద్ధతిలో ఒక కిటుకుంది. పిండిని చన్నీళ్లలో కలిపి సన్న సెగ మీద మెల్లగా వేడెక్కనివ్వాలి. మరిగే నీళ్లలో ఒకేసారి వేస్తే ఆ ఎంజైము అక్కడికక్కడే చచ్చిపోయి జావ మామూలుగానే గట్టిపడుతుంది. పిండిని మాడేలా వేయించినా అంతే. పల్చబడ్డాక మాత్రం బాగా మరగనివ్వాలి, మొలకల్లో క్రిములుంటాయి. షాపుల్లో దొరికే డబ్బా పౌడర్లు చెడ్డవని కాదు, కొలత కచ్చితంగా ఉంటుంది, డాక్టర్లు వాటిని రాయడానికి కారణం అదే. కొనగలిగితే రోజుకు రెండుసార్లు అవి, మిగతావి ఇంటివి. కొనలేకపోయామని కుమిలిపోవాల్సిన పని లేదు.

పోసే పద్ధతి నర్సు చూపిస్తుంది. పక్కన నిలబడి చూడ్డం కాదు, ఆమె ముందే మీ చేత్తో చేసి చూపించి, అప్పుడే డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టండి. ముక్కు పైపైతే ప్రతిసారీ ముందుగా చూడాల్సింది ముక్కు దగ్గర పైపు మీది గుర్తు. అది బయటికి జరిగి ఉంటే చుక్క కూడా పోయకూడదు, పైపు కొస ఊపిరితిత్తుల వైపు తిరిగి ఉండొచ్చు. మనిషి నిటారుగా కూర్చోవాలి. 50 మిల్లీలీటర్ల సిరంజి పిస్టన్ తీసేసి, గొట్టానికి తగిలించి, ఎత్తి పట్టుకుంటే జావ దానంతటదే దిగుతుంది. నెట్టకూడదు. ఒక్క పూట 250 మిల్లీలీటర్లకు పావుగంట, ఇరవై నిమిషాలు పట్టనివ్వండి. తొందరపడితే వాంతి, లేదా విరేచనం. ముందూ వెనకా 30 నుంచి 50 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లు. అయ్యాక గంటసేపు పడుకోనివ్వకూడదు. రాత్రి పడకలో కూడా తల ఎత్తుగా ఉండాలి. దిండ్లు జారిపోతుంటాయి, అంతకంటే మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టడం నయం.

మందులు జావలో కలపొద్దు. ఒక్కో మాత్ర విడిగా పొడి చేసి, నీళ్లలో కరిగించి, మధ్యలో నీళ్లతో కడుగుతూ పోయాలి. కొన్ని మాత్రలు నూరకూడనివి ఉంటాయి: పొట్టలో కరగకుండా పైన పూత పూసినవి, రోజంతా మెల్లగా వదిలేవి. చీటీ చూపించి ఫార్మసిస్టునే అడగండి, చాలావాటికి ద్రవరూపం దొరుకుతుంది. పసరు మందులు, బూడిదలు, ఎవరో తెచ్చిన లేహ్యాలు గొట్టంలోకి పోనివ్వొద్దు. పెగ్ చుట్టూ పసుపు అద్దడం కూడా వద్దు, సబ్బు నీళ్లతో కడిగి పొడిగా తుడిస్తే చాలు.

కాణిపాకం మొక్కు ఉన్న ఇళ్లకు ఒక్క మాట ప్రత్యేకంగా చెప్పాలి. మూగ, చెవిటి, గుడ్డి అన్నదమ్ములు బావి తవ్వుతుంటే స్వామి వెలిశాడని, వాళ్ల అవిటితనం పోయిందని స్థలపురాణం. గొంతు జబ్బు వచ్చిన ఇంటివాళ్లకు ఆ కథ మీద మనసు పోవడం సహజం. గుడికి పోయినవాళ్లు తీర్థం, ప్రసాదం తెస్తారు. ‘ఒక్క చుక్కే కదా’ అని నోట్లో పోస్తారు. గొంతులో గాలి దారి, అన్నం దారి ఒకదాన్నొకటి దాటుకునే చోటు ఉంది. మింగేటప్పుడు గాలి దారి రైల్వే గేటులా మూసుకుంటుంది. కరెంటు పడిన గొంతులో ఆ గేటు ఆలస్యంగా పడుతుంది. చిక్కటి ముద్ద మెల్లగా వస్తుంది కాబట్టి గేటు పడే వ్యవధి ఉంటుంది. నీళ్లు ఆగవు. మన కంటికి అన్నిటికంటే తేలిగ్గా కనిపించే నీటి చుక్కే ఊపిరితిత్తుల్లోకి దొర్లిపోతుంది. కొందరికి దగ్గు కూడా రాదు, రెండు రోజుల తర్వాత జ్వరం వస్తుంది, న్యుమోనియా అని తేలుతుంది. డాక్టరు నోటితో మింగొచ్చని చెప్పేదాకా తీర్థం కళ్లకద్దుకుంటే చాలు.

అలాగని నోటికి పూర్తిగా తాళం వేయడమూ తప్పే. మింగే కండరాలు వాడకపోతే బిగుసుకుపోతాయి. జబ్బు నయమైనా మింగడం తిరిగి రాని మనుషులు ఉన్నారు. కరెంటు రోజుల్లో కొంచెమైనా నోటితో తింటూ, మింగే కసరత్తులు చేస్తూ ఉన్నవాళ్లు తర్వాత మామూలు తిండికి రావడం ఎక్కువని అమెరికాలోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రి వైద్యులు 2013లో ప్రచురించారు. ఏది మింగొచ్చు, ఎంత చిక్కగా ఉండాలి, తల ఎటు వంచాలి అన్నవి స్పీచ్, స్వాలో థెరపిస్టు పరీక్ష చేసి చెబుతారు. ఆసుపత్రిలో ఆ గది ఎక్కడుందో మీరే అడిగి వెళ్లండి, రద్దీలో ఎవరూ పంపకపోవచ్చు. నోరు మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకుంటోందా అని వారానికోసారి చూడండి. కసరత్తు బాధగా ఉంటుంది, కాబట్టి నొప్పి మందు వేసిన అరగంటకు చేయించాలి. నోటితో ఏమీ తినకపోయినా నోరు కడగడం ఆపకూడదు: లీటరు నీళ్లకు చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి, రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి.

ఇక వంటింటి సంగతి. మన ఇళ్లలో ప్రేమ అన్నం మీదుగానే నడుస్తుంది. మొగుడు తినందే తినని ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. పైపు వేశాక ఆమె ఏం చేస్తుంది? ఆయన కంటపడకుండా వంటింట్లో నిలబడి నాలుగు ముద్దలు మింగుతుంది, తాలింపు వాసన వస్తే ఆయన మనసు గుంజుతుందని తాలింపే మానేస్తుంది, పైగా సంకష్టహర చవితి ఉపవాసం మొదలుపెడుతుంది. మూడు వారాల్లో ఆమే పడిపోతుంది. రోజర్ ఎబర్ట్ అనే అమెరికా సినిమా విమర్శకుడు క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత 2006 నుంచి 2013లో చనిపోయేదాకా నోటితో తినలేదు, మాట్లాడలేదు. తాను పోగొట్టుకున్నానని ఆయన బాధపడింది రుచుల గురించి కంటే, భోజనాల దగ్గర సాగే కబుర్ల గురించి. కాబట్టి పక్కన కూర్చొని తినొచ్చా అని మీ ఆయన్నే అడగండి. వాసనకు వాంతి వచ్చే రోజుల్లో దూరంగా తినండి. మిగతా రోజుల్లో ఆయన సిరంజి, మీ కంచం ఒకే వేళకు, ఒకే గదిలో. పిల్లలనూ అక్కడే కూర్చోబెట్టండి.

సిరంజి ఎవరి చేతిలో ఉండాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నగా తోస్తుంది. మొదటి వారం మీ చేతిలో. ఆ తర్వాత ఆయన చేతికి ఇచ్చేయండి. చేతులు ఆడుతున్న మనిషి తన పైపులో తాను పోసుకోగలడు, అద్దం ముందు కూర్చుంటే ఇంకా సులువు. ఒలకబోసుకుంటారు, పోనివ్వండి. నిన్నటిదాకా ఇంటి పెద్దగా ఉన్న మనిషికి చంటిబిడ్డకు పోసినట్టు భార్య పోస్తుంటే, పుండు కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టొచ్చు. విసుక్కునేది, చెయ్యి తోసేసేది అందుకే. మీరు చేయాల్సింది జావ కాయడం, లెక్క రాయడం, ప్రతి సోమవారం ఒకే త్రాసు మీద బరువు చూడ్డం. చివరి పోత రాత్రి పదింటికి, మొదటిది పొద్దున ఆరింటికి పెట్టుకుంటే మధ్యలో ఇద్దరూ నిద్రపోవచ్చు. రాత్రి లేచి పోయాలన్న నియమం ఏమీ లేదు.

బీడీ, సిగరెట్టు, మందు ఇంకా వదలని వాళ్లుంటారు. పొగ తాగుతూ కరెంటు పెట్టించుకుంటే కరెంటు సరిగా పనిచేయదు, రక్తంలో ఆక్సిజన్ తగ్గడం అందుకు ఒక కారణం. కాణిపాకంలో స్వామి ఎదుట ప్రమాణం చేసి తాగుడు మానేసినవాళ్లు ఈ ప్రాంతంలో ప్రతి ఊళ్లో ఒకరిద్దరు కనపడతారు. ఆ ప్రమాణానికి ఉన్న పట్టును నేను తక్కువ చేయను. వైద్యం మొదలుకాకముందే చేయిస్తే డాక్టరుకూ మేలే. తప్పినవాణ్ణి మాత్రం దేవుడి పేరు చెప్పి భయపెట్టొద్దు. చెప్పుకోలేక దాచుకొని తాగుతాడు, ఆ సంగతి డాక్టరుకు తెలియకపోవడం ఇంకా ప్రమాదం.

ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సందర్భాలు కొన్నే. పోస్తుండగా ఆగని దగ్గు, ఊపిరాడకపోవడం, పెదవులు నీలంగా మారడం. కీమో నడుస్తుండగా 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, అది అర్ధరాత్రి అయినా సరే. వాంతిలో రక్తం, నల్లటి విరేచనం. పైపు ఊడిపోతే ఇంట్లో తోయకూడదు. పెగ్ ఊడితే రంధ్రం కొన్ని గంటల్లోనే పూడుకుపోతుంది, కాబట్టి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి, ఊడిన పైపునూ వెంట తీసుకొని వెంటనే బయలుదేరాలి. పైపు మూసుకుపోతే గోరువెచ్చటి నీళ్లు సిరంజితో మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించండి. తీగలు పెట్టి పొడవొద్దు.

నోటితో తింటూ రెండు వారాలు బరువు నిలబడితే పైపు తీసే మాట వస్తుంది. అది నెలన్నరకు కావచ్చు, ఆరు నెలలకు కావచ్చు. తీశాక సంగటి అడుగుతారు, అడక్కుండా ఉండరు. సంగటి మనం నమలం, మింగుతాం. ఆ గొంతుకు గట్టి ముద్ద అంటుకుపోతుంది. మొదట్లో పప్పునీళ్లలోనో మజ్జిగలోనో బాగా పిసికి, చెంచాడు చెంచాడుగా తినాలి. కారం నెలల తరబడి పనికిరాదు, మన చిత్తూరు మనిషికి అది పెద్ద శిక్షే. రుచి మెల్లగా, ఒక్కొక్కటిగా తిరిగొస్తుంది. మెడకు కరెంటు పడింది కాబట్టి ఆరు నెలలకో, ఏడాదికో థైరాయిడ్ పరీక్ష చేయించాలి. దవడకు కరెంటు పడిన మనిషి పన్ను పీకించుకోవాలంటే, పదేళ్ల తర్వాతైనా సరే, కరెంటు పెట్టిన డాక్టరుకు చెప్పకుండా పీకించుకోకూడదు. దవడ ఎముక మానకపోవచ్చు. కరెంటు కాగితాలు ఆధార్ కార్డుతో పాటే దాచిపెట్టండి.